టోటల్ లాస్ బండి కొనడం తప్పు కాదు, పేరు మారకుండా రోడ్డెక్కించడమే తప్పు

పోయిన మీటింగు చివర్లో లేచిన గొడవ గురించి ఇది రాస్తున్నాను. మన కుర్రాడొకడు విజయవాడ వరదలో మునిగిన కారు ఇన్సూరెన్సు వేలంలో పోయిందాన్ని కొని కవితాళ తెచ్చుకున్నాడు. ఇద్దరు పెద్దలు అందరి ముందూ వాడేదో దొంగసొత్తు తెచ్చినట్టు మాట్లాడారు. ఇంకో నలుగురు "చవకగా వచ్చింది, తిప్పుకోరా, కాగితాలు తర్వాత చూసుకోవచ్చు" అన్నారు. నా ఉద్దేశంలో రెండు వైపులా పొరపాటే ఉంది. ఆ రోజు టైము లేక నోరు మూసుకున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఈ బళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో చూద్దాం. 2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడ మీద పడింది. సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. మనలో చాలామందికి అటు చుట్టాలున్నారు, ఆ వారం ఫోన్లు కలవక ఎంత కంగారుపడ్డామో గుర్తుండే ఉంటుంది. ఇళ్ల ముందు పెట్టిన కార్లు, ఆటోలు, మోటారు సైకిళ్లు నీళ్లలోనే ఉండిపోయాయి. 2015లో చెన్నైలో, 2020 అక్టోబరులో హైదరాబాదులో కూడా ఇదే జరిగింది. ఇన్సూరెన్సు ఉన్నవాళ్లలో చాలామందికి కంపెనీ డబ్బు కట్టేసి బండిని వేలానికి పెట్టింది. అలా పోయిన బళ్లన్నీ తుక్కులోకి వెళ్లవు. చాలావరకు ఏదో ఊళ్లో షెడ్డుకి చేరి, బాగుపడి, మళ్లీ రోడ్డెక్కుతాయి. విజయవాడలో మునిగింది రాయచూరు జిల్లాలో తేలడంలో వింతేమీ లేదు.

"టోటల్ లాస్" అనే మాట వినగానే బండి పూర్తిగా పాడైపోయిందని అనుకుంటాం. అది మెకానిక్ చెప్పే మాట కాదు, లెక్కలో తేలే మాట. పాలసీ మీద రాసిన బండి విలువని ఐడీవీ అంటారు. రిపేరు ఖర్చు ఆ విలువలో 75 శాతం దాటితే మన దేశంలో దాన్ని టోటల్ లాస్ కింద లెక్కేస్తారు. ఉదాహరణకి పాలసీలో మీ కారు విలువ 4 లక్షలు అనుకుందాం. కంపెనీ షోరూము కొత్త సామాన్లతో వేసిన అంచనా 3 లక్షలు దాటితే చాలు. అదే పని మన షెడ్డులో పాత సామాన్లతో, మన కూలి రేట్లకి సగంలో అయిపోవచ్చు. పైగా బండి వయసు పెరిగేకొద్దీ ఐడీవీ తగ్గుతుంది. నాలుగేళ్లు దాటి ఐదో ఏట నడుస్తున్న బండికి కొత్త ధరలో సగం కోసేస్తారు. అందుకే పాత బండి చిన్న దెబ్బకే టోటల్ లాస్ అయిపోతుంది. కాబట్టి ఆ పెద్దలిద్దరూ అన్నట్టు టోటల్ లాస్ బండి కొనడం నేరమూ కాదు, తెలివితక్కువ పనీ కాదు. పాత ట్రాక్టరుకి కొత్త ప్రాణం పోసి పదేళ్లు దున్నుకున్నవాళ్లం, బాగుచేసుకోవడాన్ని మనం తప్పుపట్టకూడదు.

అయితే నీళ్లలో మునిగిన బండికీ గుద్దుకున్న బండికీ తేడా ఉంది. గుద్దుకున్నదాని దెబ్బ కంటికి కనిపిస్తుంది. మునిగినదాని జబ్బు నెలలు పోయాక బయటపడుతుంది. నీళ్లు దూరిన ఇంజన్ని స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. వైరింగు జాయింట్లలో తుప్పు మెల్లగా పాకుతుంది. బ్రేకుల ఏబీఎస్, ఎయిర్‌బ్యాగు డబ్బాలు ఇవాళ పనిచేసినట్టు కనిపించి, అవసరమైన రోజు మొరాయిస్తాయి. కొనేముందు సీటు బెల్టు మొత్తం బయటికి లాగి చూడండి, చివర్లో బురద చార కనిపిస్తుంది. సీటు కింది పట్టాల బోల్టులు తుప్పు పట్టాయా, కార్పెట్ కింద మట్టి ఉందా, హెడ్‌లైటు లోపల మసక ఉందా చూడండి. కడిగి పాలిష్ పెట్టినవాడు వీటిదాకా వెళ్లడు.

ఇక అసలు సంగతి కాగితం. మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ ప్రకారం బండి నాశనమైనా, శాశ్వతంగా వాడకానికి పనికిరాకుండా పోయినా ఓనరు 14 రోజుల్లో, లేదా వీలైనంత త్వరగా ఆర్టీవోకి చెప్పాలి, ఆర్.సి. రద్దవుతుంది. రద్దైన ఆర్.సి. బండి సామాన్లకి తప్ప రోడ్డుకి పనికిరాదు. రద్దు కాకుండా ఆర్.సి.తో సహా అమ్మినది మాత్రం బాగుచేసి, పేరు మార్చుకుని, చట్టప్రకారం నడుపుకోవచ్చు. అందుకని వేలంలో అడగాల్సిన మొదటి ప్రశ్న ధర ఎంత అని కాదు, ఆర్.సి. ఉందా లేదా అని. ఆర్.సి. లేని బండి మీద ఆర్.సి. పుట్టిస్తామనేవాడు ఎవడైనా ఎదురైతే దణ్ణం పెట్టి వచ్చేయండి. తుక్కైపోయిన బండి ఆర్.సి., ఛాసిస్ నంబరు తీసుకుని దొంగిలించిన బండికి తగిలించే ముఠాలు మన దేశంలో చాలా ఊళ్లలో పోలీసులకి దొరికాయి. అలాంటిది కొన్నవాడికి డబ్బూ పోతుంది, స్టేషన్ చుట్టూ తిరుగుడూ తప్పదు.

వేరే దేశాల్లో ఈ సంగతి కాగితం మీదే ఉంటుంది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో టోటల్ లాస్ బండి ఓనర్‌షిప్ పత్రం మీద "సాల్వేజ్" అని పడుతుంది. బాగుచేసి మళ్లీ పత్రం తీసుకున్నాక "రీబిల్ట్" అని మారుతుంది, ఆ ముద్ర తర్వాత కొనేవాడికి కూడా కనిపిస్తుంది. ఇంగ్లండులో 2017 అక్టోబరు నుంచి ఇలాంటి బళ్లని ఏ, బీ, ఎస్, ఎన్ అని నాలుగు రకాలు చేశారు. ఏ, బీ బళ్లు మళ్లీ రోడ్డెక్కడానికి వీల్లేదు. ఎస్ అంటే బాడీ నిర్మాణం దెబ్బతిన్నది, ఎన్ అంటే నిర్మాణం బాగానే ఉన్నది. ఈ రెండూ బాగుచేసి నడుపుకోవచ్చు. మన ఆర్.సి.లో అలాంటి గడి లేదు. నీళ్లలో వారం నానిన బండీ, షెడ్డులో కవరు కప్పుకుని ఉన్న బండీ ఆర్.సి. మీద ఒక్కలాగే కనిపిస్తాయి. చట్టంలో గడి లేనప్పుడు నిజం చెప్పే బాధ్యత అమ్మేవాడి నోటి మీదే ఉంటుంది.

ఇక్కడ నా సొంత అనుభవం చెప్పాలి. కొన్నేళ్ల క్రితం నా పాత వ్యాను బోల్తాపడింది. బాగుచేయించే ఓపిక లేక ఒక పాత బళ్ల వ్యాపారికి ఉన్నదున్నట్టు అమ్మేశాను. ఆయన పెట్టమన్న చోటల్లా సంతకాలు పెట్టాను. 29, 30 నంబరు ఫారాలు, రెండూ ఖాళీవే. ఆయన బాగుచేయించి ఇంకొకరికి అమ్మాడు, వాళ్లు మరొకరికి. ఎవరూ పేరు మార్చుకోలేదు, ఇన్సూరెన్సూ కట్టలేదు. ఒకరోజు నా పేరు మీద కోర్టు నోటీసు వచ్చింది. ఆ వ్యాను ఒక కూలి మనిషిని గుద్దింది, ఆయన కాలు విరిగింది. నేను ఆ వ్యాను మొహం చూసి మూడేళ్లైంది. అయినా ఆర్.సి.లో ఓనరుని నేనే.

"నేను అమ్మేశాను కదా" అంటే చెల్లుతుందనుకున్నాను. చెల్లదు. నవీన్ కుమార్ కేసులో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. బండి ఎన్ని చేతులు మారినా, రికార్డులో ఎవరి పేరుంటే పరిహారం విషయంలో వాళ్లే ఓనరు. ఇన్సూరెన్సు లేకపోతే ఆ డబ్బు మన చేతినుంచే పోవాలి. కట్టకపోతే 174వ సెక్షన్ కింద కలెక్టరు దాన్ని భూమి శిస్తు బకాయి వసూలు చేసినట్టు వసూలు చేస్తారు. క్యాంపుల్లో మన పెద్దలు రాళ్లేరి, మట్టి చదును చేసి సంపాదించిన పొలం ఒక్క ఖాళీ ఫారం మీద సంతకానికి తాకట్టు పడ్డట్టే. నా కేసు ఇంకా నడుస్తోంది, వాయిదాకి వాయిదాకి రాయచూరు తిరుగుతున్నాను. ఆ కూలాయన మీద నాకు కోపం లేదు. ఆయనకి డబ్బు రావాల్సిందే. తప్పు నాది కూడా, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టాను.

అందుకే కుర్రాడికి నేను చెప్పింది ఇది. బండి అమ్మకు, బాధపడకు. కానీ నీ పేరు మీదకి వచ్చేదాకా షెడ్డు దాటించకు. వరసగా చేయాల్సినవి రాస్తున్నాను, అందరికీ పనికొస్తాయి.

మొదట ఆర్.సి.లో ఉన్న పాత ఓనరు ఎవరో, అప్పు బాకీ ఉందో లేదో చూడాలి. ఫైనాన్సు ఉంటే అది తీరినట్టు 35వ నంబరు ఫారం కావాలి. క్లెయిము పరిష్కారమైనట్టు, బండి వేలంలో అమ్మినట్టు కంపెనీ ఇచ్చిన కాగితాలు దాచుకోవాలి. బండి ఆంధ్రాది గనక అక్కడి ఆర్టీవో నుంచి ఎన్.ఓ.సి. రావాలి. దానికి 28వ నంబరు ఫారం, ఛాసిస్ నంబరు మీద పెన్సిల్ రుద్ది తీసిన ప్రింటు కావాలి. అమ్మకానికి 29, 30 ఫారాలు అన్ని గళ్లూ నింపాకే, తేదీ వేసి సంతకం పెట్టాలి. వేరే రాష్ట్రానికి అమ్మినవాళ్లకి 45 రోజులు, కొన్నవాళ్లకి 30 రోజులు గడువు. ఆ తర్వాత రాయచూరు ఆర్టీవోలో కర్ణాటక టాక్సు కట్టి, బండి చూపించి, కేఏ 36 నంబరు తీసుకోవాలి. రిపేరులో ఇంజన్ మారిస్తే 14 రోజుల్లో చెప్పాలి, లేకపోతే నంబర్లు కలవక అక్కడే ఆగిపోతుంది. చివరికి కొత్త ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్. టోటల్ లాస్ డబ్బు ఇచ్చేశాక పాత ఓనరు పాలసీ మనకి కాపలా కాస్తుందని అనుకోకండి.

"ఊళ్లో తిరిగే బండికి, పొలానికీ యార్డుకీ వెళ్లే బండికి ఇంత హంగామా ఎందుకు" అని ఒకరు అడిగారు. యార్డుకి వెళ్లే దారిలో నడిచేది మన వాళ్లే కదండీ. ఇన్సూరెన్సు లేకుండా దొరికితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా గానీ, మూడు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ ఉండొచ్చు. ఆ జరిమానా పెద్ద విషయం కాదు. గుద్దినప్పుడు ఆ కుటుంబానికి ఎవరు సమాధానం చెప్తారన్నదే విషయం.

ఇంకో మాట న్యాయమైనదే ఉంది. టాక్సు, ఎన్.ఓ.సి., తిరుగుడు ఖర్చు కలిపితే చవక బండి చవకగా మిగలదని. నిజమే, కొన్నిసార్లు మిగలదు. అందుకే ఆ లెక్క వేలంపాటకి ముందు వేసుకోవాలి. బండి ధర, రిపేరు, కాగితాలు, ఈ మూడూ కలిపి బజారులో మంచి సెకండ్‌హ్యాండు బండి ధరకి దగ్గరగా వస్తే వదిలేయండి. కాగితాల ఖర్చు ఎగ్గొడితేనే లాభం కనిపించే బేరంలో ఆ లాభం ఎదుటివాడి జేబులోంచి వచ్చేదే.

సంఘానికి నావి మూడు మనవులు. ఒకటి, కన్నడ ఫారాలు చదవలేని పెద్దవాళ్లకి నెలకొక ఆదివారం మన కుర్రాళ్లిద్దరు కూర్చుని నింపిపెట్టాలి. కాగితాలు వాయిదా పడడానికి సగం కారణం భయం, భాష. రెండు, సభ్యుడెవరైనా బాగుచేసిన బండి ఇంకో సభ్యుడికి అమ్మితే, అది టోటల్ లాస్ అయిందని రాసి, రిపేరు బిల్లులూ ముందు తీసిన ఫోటోలూ చేతికివ్వాలి. అది మన కట్టుబాటుగా పెట్టుకుందాం. మూడు, ఆర్.సి. మీద టోటల్ లాస్ సంగతి రాయాలని రవాణా శాఖకి ఒక అర్జీ పెడదాం. చిన్న సంఘం మాట ఎవరు వింటారంటారేమో, అడగనిదే ఎవరూ వినరు.

ఆ కుర్రాడు నిన్న ఫోన్ చేశాడు. "బాబాయ్, ఎన్.ఓ.సి.కి అప్లై చేశాను, అప్పటిదాకా బైకే" అన్నాడు. మీటింగులో వాణ్ణి తిట్టిన పెద్దలిద్దరూ ఒకసారి షెడ్డుకి వెళ్లి ఆ బండి చూసి రావాలని నా కోరిక. మీ అభిప్రాయాలు కింద రాయండి. ఇంతకుముందు అమ్మేసిన బండి ఎవరిదైనా ఇంకా మీ పేరు మీదే ఉందేమో, ఇవాళే ఒకసారి చూసుకోండి.