గొంతు ఎవరిది? కత్తెర ఎవరిది?

ఈ మధ్య బెజవాడలో జరిగిన ఒక సదస్సులో ఒక వక్త తన ఉపన్యాసాన్ని "గొంతులేని వాళ్ళకు మనం గొంతునివ్వాలి" అంటూ ముగించాడు. చప్పట్లు మ్రోగినవి. అలవాటు కొద్దీ నేనూ కొట్టాను. బస్సులో ఇంటికి వస్తూ ఆలోచిస్తే ఆ చప్పట్లకు సిగ్గు వేసింది. కృష్ణా డెల్టాలో నాట్లు వేసే కూలి స్త్రీకి గొంతు లేదా? కూలి రేటు దగ్గర మేస్త్రీతో ఆమె పెట్టుకునే తగవును కాలవగట్టు మీద నిలబడి ఒక్క పూట విన్నవాడెవడైనా ఆ మాట అనగలడా? ఆమె మాటను పట్టి వుంచే కెమేరా, అందులో ఏది వుండాలో ఏది పోవాలో తేల్చే కత్తెర, పదిమందికి చూపించే తెర ఆమె చేతిలో లేవు. వాటిని తమ చేతిలో వుంచుకొన్న వాళ్ళే ఆమెకు గొంతు లేదని ప్రచారం చేస్తున్నారు. ఆ వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

నా తప్పు ముందు చెప్పుకొంటాను. నాలుగేళ్ళ క్రితం మా విద్యార్థులు కొందరిని వెంటబెట్టుకొని డెల్టాలోని ఒక వూరికి వెళ్ళాను. కౌలుకు చేసుకొనే ఆడవాళ్ళతో కలిసి ఒక చిన్న చిత్రం తీయాలని సంకల్పం. దానికి మేము పెట్టుకొన్న పేరు 'భాగస్వామ్య చిత్రం'. ఆడవాళ్ళ చేతికి కెమేరా ఇచ్చాం, పొలం చూపించమన్నాం, మాట్లాడమన్నాం. వాళ్ళు మాట్లాడారు. 2019లో వచ్చిన సాగుదారుల హక్కుల చట్టం కౌలుదారుకు కార్డు ఇస్తానన్నది గాని, భూమి యజమాని సంతకం వుండాలని షరతు పెట్టింది. యజమాని సంతకం పెట్టడు. పెడితే రేపు భూమి మీద హక్కు అడుగుతారని అతని భయం. కార్డు లేకపోతే బ్యాంకు అప్పు లేదు, పంట మునిగితే పరిహారం లేదు. ఒక నడివయసు స్త్రీ ఇదంతా ఆరేడు నిమిషాలు తడుముకోకుండా చెప్పింది. సంతకానికని తాను ఎవరింటికి ఎన్నిసార్లు తిరిగిందో కూడా చెప్పింది.

ఆ ఇంటి ఆసామి అరుగు మీదనే మేము రెండు పూటలు భోజనం చేసి వున్నాం.

కోత పని ఇంట్లో, నా బల్ల మీద జరిగింది. గంటల కొద్దీ తీసింది పన్నెండు నిమిషాలకు కుదించాను. సంతకం సంగతి పోయింది. "నిడివి" అని నాకు నేను చెప్పుకొన్నాను. మునిగిన చేను, ఆమె కన్నీరు మాత్రం మిగిలాయి. కళాశాలలో చూసినవాళ్ళందరూ మెచ్చుకొన్నారు. కొన్ని నెలలకు ఆ వూరి బడిగోడ మీద దుప్పటి కట్టి చూపించాం. చివరిదాకా చూసి ఆమె లేచి అడిగింది: "మాస్టారూ, సంతకం మాట ఏదండీ? ఇందులో నా ఏడుపే వుంది గాని నా మాట లేదే!"

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ఇది నా ఒక్కడి పిరికితనమే అయితే ఇంత రాయవలసిన పని లేదు. ఈ జబ్బు పాతది, మన సొంతమైనది. 1939లో గూడవల్లి రామబ్రహ్మం 'రైతుబిడ్డ' తీశాడు. జమీందారీ దౌష్ట్యాన్ని ఎండగట్టిన ఆ చిత్రంపై జమీందార్లు కత్తికట్టారు, కొన్నిచోట్ల ప్రదర్శన ఆపించారు. దాన్ని నిర్మించిన సారథి సంస్థ వెనుక వున్నది మన డెల్టాలోని చల్లపల్లి జమీందారే! ఆ విడ్డూరాన్ని మనం ముచ్చటగా చెప్పుకొంటాం. రామబ్రహ్మం సాహసాన్ని నేను తక్కువ చేయటం లేదు. కాని తెర మీద రైతు మాట్లాడిన ప్రతి మాటా మరొకరు రాసి ఇచ్చిందే గదా. ప్రజా నాట్యమండలి ఇంతకంటె ఒక అడుగు ముందుకు వేసింది. పొన్నెకల్లులో ఒక పేద దూదేకుల ఇంట పుట్టిన నాజర్ బుర్రకథను చేతబట్టాడు. సుంకర, వాసిరెడ్డి 'మా భూమి' నాటకం రాస్తే పల్లెపల్లెన జనం కూడి చూశారు. తర్వాత? ఆ కళాకారులు ఎందరో మద్రాసు స్టూడియోల దారి పట్టారు. బెజవాడ గాంధీనగర్ సినిమా పంపిణీదార్ల అడ్డా అయింది. డెల్టా డబ్బు తెలుగు సినిమాను పోషించింది, డెల్టా కూలీ టిక్కెట్టు కొన్నాడు. 1991లో చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపారు. 2007లో ఆ వూళ్ళోనే ప్రత్యేక న్యాయస్థానం శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. ఈ కథను ఆ పేట స్త్రీలు తమ చేత్తో తీసి వుంటే ఏ దృశ్యంతో మొదలుపెట్టేవారో మనలో ఎవరైనా ఊహించారా? అడగనైనా అడిగామా?

"చదువురాని వాళ్ళకు కెమేరా ఎట్లా తెలుస్తుంది? కళకు శిక్షణ కావద్దా?" అని వెంటనే అడిగే మిత్రులున్నారు. వీరిని డెల్టా వదిలి జహీరాబాదు మెట్టకు రమ్మంటున్నాను. అక్కడ పస్తాపూరులోని దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు, చాలామంది బడి మొహం ఎరుగని వాళ్ళు, కెమేరా నేర్చుకొని 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్టు పెట్టుకొన్నారు. వారికి నేర్పినవారిలో ముఖ్యుడు పి.వి. సతీష్. ఒకప్పుడు దూరదర్శన్ ప్రొడ్యూసరు, 2023లో మరణించాడు. మన ఫిల్ము పుస్తకాల్లో 'హై యాంగిల్', 'లో యాంగిల్' అంటాం. ఆ స్త్రీలు ఆ పేర్లను పక్కకు నెట్టారు. పైనుంచి కిందికి చూసే చూపు వాళ్ళకు 'పటేల్ షాటు', ఎందుకంటే పటేలు అరుగు మీద కూర్చొని జనాన్ని అట్లాగే చూస్తాడు. కిందినుంచి పైకి చూసేది బానిస చూపు. కంటికి కన్ను సమంగా వుండేది 'సంఘం షాటు', సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు గనుక. మేము తరగతిలో గంటసేపు చెప్పి కూడా తేల్చలేని సంగతిని వీళ్ళు మూడు పేర్లలో తేల్చారు. నేను తీసిన ఆ పన్నెండు నిమిషాలను ఈ కొలతతో మళ్ళీ చూసుకొన్నాను. చేలో వంగి నాటు వేస్తున్న ఆడవాళ్ళను గట్టు మీద నిలబడి పట్టిన దృశ్యాలే అన్నీ. పటేల్ షాట్లు!

2002లో బీటీ పత్తికి ప్రభుత్వం అనుమతి ఇచ్చినప్పుడు ఈ స్త్రీలే వరంగల్లు పత్తిరైతుల దగ్గరకు విత్తు వేసిన నాటినుంచి పత్తి తీసే దాకా మళ్ళీ మళ్ళీ వెళ్ళి, వాళ్ళ లెక్కలు వాళ్ళచేతనే చెప్పించి 2003లో చిత్రం తీశారు. ఆ చిత్రం పరదేశాల్లోనూ చూపించారు. దానివల్ల బీటీ ఆగిందా అంటే ఆగలేదు, పత్తి చేలన్నీ ఆ విత్తనంతోనే నిండిపోయాయి. చిత్రంతో విప్లవం వస్తుందని చెప్పే వాణ్ణి కాను. కాని నష్టపోయిన రైతు సాక్ష్యం కంపెనీ కరపత్రానికి ఎదురుగా నిలిచి వున్నది.

రేడియో కథ ఇంకా నేర్పుతుంది. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ స్త్రీలు 1998 నాటికే మాచ్నూరులో రేడియో సిద్ధం చేసుకొన్నా లైసెన్సు రాలేదు. పదేళ్ళు కార్యక్రమాలు టేపుల మీద రికార్డు చేసి సంఘం కూటముల్లో వినిపించుకొన్నారు. 2006లో విధానం మారింది. 2008 అక్టోబరు 15న, ఆ తీర్పు ఇచ్చిన న్యాయమూర్తి సావంత్ చేతులమీదుగానే సంఘం రేడియో మొదలైంది. అయినా ఆ విధానం ప్రకారం ఇట్లాంటి రేడియోలు సొంతంగా వార్తలు, రాజకీయ విషయాలు చెప్పరాదు! విత్తనం గురించి, వంట గురించి, పాట గురించి మాట్లాడుకోవచ్చు. వూళ్ళో నిన్న జరిగినదాన్ని వార్తగా చెబితే నేరం. గొంతునివ్వటం అంటే ప్రభుత్వానికి ఇంతే.

ఇక "ఇప్పుడు అందరి చేతిలో సెల్‌ఫోను వుంది గదా, ఇంకేం కావాలి?" అనేవారు. ఫోను ఒక్కరి చేతిలో వుంటుంది. తీసినది ఎవరికి చేరాలో ఏదో కంపెనీ లెక్క నిర్ణయిస్తుంది. ఒక మాట చెప్పినందుకు రేపు కౌలు పోతే ఆ ఒక్కరే భరించాలి. పస్తాపూరు స్త్రీల వెనుక సంఘం వుంది. తీసినదాన్ని నలుగురూ కూర్చొని చూసుకొనే పద్ధతి వుంది. 1967లో కెనడాలోని ఫోగో దీవిలో జాలరులతో చిత్రాలు తీసిన ఫిల్ము బోర్డువారు కూడా తీసినదాన్ని ముందు ఆ దీవివాళ్ళకే చూపి, వాళ్ళు సరే అన్నాకనే బయటికి పంపారు. అదంత పెద్ద నియమమేమీ కాదు. నేను పాటించి వుంటే సంతకం మాట పోయేది కాదు.

తీసినదంతా ఇంకా నా కంప్యూటరులోనే పడివుంది, అది నా సొత్తయినట్లు. మొన్న మొత్తం ఒక చిన్న కార్డులోకి ఎక్కించాను. వచ్చే ఆదివారం ఆ వూరు వెళ్ళి ఆమె చేతికి ఇస్తాను. కోత నేర్పటానికి మా విద్యార్థిని ఒకతె వస్తానన్నది. ఈసారి బస ఆసామి అరుగు మీద కాదు, ఆమె ఇంట్లోనే. ఆసామి పేరు వుంచాలా, తీసెయ్యాలా, అసలు బయట చూపించాలా వద్దా, వాళ్ళు కూర్చొని తేల్చుకొంటారు. సంతకం పెట్టని వాడు కౌలు కూడా మాన్పిస్తాడేమోనన్న భయం నాకంటె వాళ్ళకే బాగా తెలుసు.