బిడ్డలకును గడువా?

అమెరికాలో ఉద్యోగములు చేయు మన తెలుగువారు ప్రతిమాసము వీసా బులెటినును పంచాంగమువలె తిరుగవేయుచున్నారు. (మన పంచాంగమున తిథి వెనుకకు నడువదు, అందు నడుచును!) 1990 నాటి శాసనము శాశ్వత నివాసపత్రములలో సాధారణముగా ఏ యొక్క దేశమునకును నూటికి 7 పాళ్లకు మించనీయదు, 140 కోట్ల భారతదేశమునకును చిన్న ద్వీపమునకును ఒకటే కొలత. హెచ్-1బికి ఆరేండ్లు గడువు. పిదప, 2000 నాటి చట్టముచే, పొడిగింపుమీద పొడిగింపు.

పెద్దలు సహింతురు గాక! చంకనెత్తుకొని కొనిపోయిన బిడ్డకు 21 యేండ్లు నిండిననాడు హెచ్-4 హోదా పోవును. ఆ దేశపు బడులలోనే చదివి పెరిగిన ఆ బిడ్డ విద్యార్థి వీసాకై పరదేశివలె క్రొత్తగా అర్జీ పెట్టవలెను. కాదేని కన్నవారిని విడిచి రావలెను. తల్లిదండ్రుల అర్జీనాటి వయస్సునే లెక్కింపవలెనను బిల్లు 2021లోను 2023లోను వాషింగ్టను కాంగ్రెసున ప్రవేశించి అచటనే నిలిచినది. దానిని శాసనము చేయవలెనని మేము కోరుచున్నాము.