గోడ అవతలి నిద్ర
జహీరాబాద్‌లో ఇళ్లు ఆనుకుని ఉన్న గల్లీలో సబ్‌వూఫర్ దద్దరిల్లితే, ట్రాక్టర్ ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చి పడుకున్న పక్కింటాయనకు కంటి మీద కునుకుండదు. రాత్రిపూట సినిమా హెడ్‌ఫోన్స్‌లోనే చూడాలంటాను. సరౌండ్ పోతుందన్న బెంగ అక్కర్లేదు. మనకున్నవి రెండు చెవులే కదా! కుడిపక్క చప్పుడు ఎడమ చెవికి సెకనులో వెయ్యో వంతు కూడా లేనంత ఆలస్యంగా, కాస్త మెత్తబడి చేరుతుంది. చెవిడొప్ప వంపులు దాన్ని ఇంకొంత మారుస్తాయి. ఆ తేడాలతోనే దిక్కు పోల్చుకుంటాం. యమహా హోమ్ థియేటర్ రిసీవర్లలోని 'సైలెంట్ సినిమా' అనే సదుపాయం సరౌండ్ ఛానళ్లకు ఆ తేడాలనే లెక్కగట్టి రెండు చెవులకూ పంచుతుంది. ఇలాంటి సదుపాయం లేని రిసీవర్‌కు జాక్ గుచ్చితే వచ్చేది వట్టి స్టీరియోనే. అందుకని కొనేముందు షాపులోనే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, వెనక నుంచి వాన కురిసే సీనొకటి వేయించుకుని వినండి. అందరి చెవులూ ఒకేలా ఉండవు. ఒకరికి వీపు వెనక కురిసిన వాన మరొకరికి తలలోనే కురవొచ్చు.