పదిమందిలో పాము చావదు

మా కాలేజీ గేటు నుంచి మెయిన్ రోడ్డుకి నడిస్తే పది నిమిషాలు. ఆ పది నిమిషాల రోడ్డు ఎవరిదో తెలుసుకోడానికి మాకు నలభై రోజులు తిరగాల్సి వచ్చింది. తిరిగాక కూడా పూర్తిగా తెలిసిందని చెప్పలేను.

పోయిన వానాకాలం మా రూమ్మేట్ ఆ రోడ్డు మీద పడ్డాడు. రాత్రి ఎనిమిదింటికి ట్యూషన్ చెప్పి బండి మీద తిరిగొస్తున్నాడు. పైపు కోసం తవ్విన గుంతని వట్టి మట్టితో పూడ్చి వదిలేశారు. వానకి ఆ మట్టి కుంగింది, పైన నీళ్లు నిలిచాయి, చూడ్డానికి మామూలు నీటి మడుగులా ఉంది. ముందు టైరు అందులోకి దిగిపోయింది. వాడి కుడికాలు రెండు చోట్ల విరిగింది. వాళ్ల నాన్నగారు ఊర్నుంచి రాత్రికి రాత్రే బస్సెక్కి వచ్చారు. హాస్పిటల్ కారిడార్‌లో నన్ను పక్కకి పిలిచి ఆయన అడిగిన మొదటి మాట: "ఆ గుంత ఎవరు తవ్విండ్రు బాబూ?"

నా దగ్గర జవాబు లేదు. తెలుసుకుని చెప్తానంకుల్ అన్నాను. అక్కడి నుంచి మొదలైంది మా తిరుగుడు.

మొదటి ఆఫీసులో "రోడ్డు మాదే గానీ గుంత మాది కాదు" అన్నారు. రెండో ఆఫీసులో "పైపు మాదే, కానీ రోడ్డు మళ్లీ వేయడానికి డబ్బులు ముందే కట్టేశాం, వేయాల్సింది వాళ్లు" అన్నారు. మూడో చోట "ఆ ముక్క ఇంకా మాకు అప్పగించలేదు" అన్నారు. యాప్‌లో ఫోటోతో సహా కంప్లయింట్ పెడితే రెండు రోజులకి "మా పరిధిలోకి రాదు" అని రాసి క్లోజ్ చేశారు. సైట్ దగ్గర పని చేసే ఒకాయన మాత్రం నిజాయితీగా చెప్పాడు: "తమ్ముడూ, మేం పైపు ఏసేటోళ్లం. రోడ్డు ఏసేటోళ్లు ఏరే."

నన్ను భయపెట్టిన సంగతేంటంటే, వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరి ఫైలు ప్రకారం వాళ్లు కరెక్టే. మన భాషలో చెప్పాలంటే ప్రతి మాడ్యూల్ దాని యూనిట్ టెస్ట్ పాసయింది. సిస్టమ్ మాత్రం ఫెయిలయింది. ఇంటిగ్రేషన్ టెస్ట్ రాయాల్సిన మనిషే టీమ్‌లో లేడు.

ఈ కథంతా ఫోన్‌లో చెప్తే మా అమ్మమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది: "పదిమందిలో పాము చావదురా." పాము చుట్టూ పది మంది కర్రలు పట్టుకుని నిలబడతారు. పక్కవాడు కొడతాడులే అని ప్రతివాడూ చూస్తాడు. పాము మెల్లగా జారుకుంటుంది. ఇంగ్లిష్ మీడియం చదువులో నాకు ఈ సామెత ఎవరూ నేర్పలేదు. అర్బన్ గవర్నెన్స్ మీద తర్వాత నేను చదివిన పేజీలన్నీ తిప్పి తిప్పి చెప్పింది మాత్రం ఇదే.

ఒక్క హైదరాబాద్‌లో ఎన్ని కర్రలున్నాయో చూడండి. కాలనీ రోడ్లు, చెత్త, వాననీటి కాలువలు జీహెచ్ఎంసీ చూస్తుంది. మంచినీళ్లు, మురుగునీళ్లు 1989లో పుట్టిన జలమండలి చేతిలో ఉన్నాయి. చుట్టుపక్కల ఎదుగుతున్న ప్రాంతానికి ప్లాన్ గీసేది 2008లో హుడా స్థానంలో వచ్చిన హెచ్ఎండీఏ. బస్సులు ఆర్టీసీవి. ఎంఎంటీఎస్ రైళ్లు రైల్వేవి, అంటే కేంద్రానివి. మెట్రోకి మళ్లీ వేరే సంస్థ. జాతీయ రహదారులకి ఇంకొకరు, కరెంటుకి డిస్కం, సికింద్రాబాద్ కంటోన్మెంట్‌కి ఏకంగా రక్షణ శాఖ. 2024లో వీటికి హైడ్రా తోడైంది. ఇవన్నీ అవసరం లేదని నేననట్లేదు. మెట్రో నడపడమూ మురుగు పైపు వేయడమూ ఒకే పని కాదు. నా గొడవల్లా, ఒకరి పని ఆగి ఇంకొకరి పని మొదలయ్యే చోటు గురించే. మా రూమ్మేట్ పడింది సరిగ్గా ఆ చోటే.

ఇది గుంతలతో ఆగే సంగతి కూడా కాదు. హైదరాబాద్ చుట్టూ ఉన్నవి చాలావరకు గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండితే అలుగు పారి కింది చెరువుకి నీళ్లు పోతాయి. పాత రోజుల్లో ఆ తూములు ఎప్పుడు తెరవాలో ఎప్పుడు మూయాలో చూసుకోడానికి ఊళ్లో నీరటి అని ఒక మనిషి ఉండేవాడు. అంటే నీళ్లు ఏమయ్యాయని అడగడానికి ఒక పేరు ఉండేది. 2020 అక్టోబర్ వానలకి బాలాపూర్ దగ్గర గుర్రం చెరువు కట్ట తెగితే హాఫిజ్ బాబా నగర్ ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. వార్డు సరిహద్దు ఎక్కడుందో, ఏ ఆఫీసు పరిధి ఎక్కడ ముగిసిందో చూసుకుని నీళ్లు ఆగవు కదా.

మన నగరానికి ఈ పాఠం కొత్తది కూడా కాదు. 1908 సెప్టెంబర్‌లో మూసీ వరద వేల మందిని పొట్టన పెట్టుకుంది. తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించి సలహా అడిగితే, ఆయన సిటీ లోపల గోడలు కట్టమని చెప్పి ఊరుకోలేదు. నీళ్లు వచ్చే దారిలో, సిటీకి ఎగువన, జలాశయాలు కట్టమన్నారు. అలా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. జబ్బు సిటీలో ఉన్నా మందు సిటీ బయట వేయాల్సి వచ్చింది. నూరేళ్ల కిందటే ఇంత వెడల్పుగా ఆలోచించిన ఊరు మనది.

మరి ఇప్పుడేం చేయాలి? "అన్నీ కలిపేసి ఒకటే చేస్తే పోలా?" అని మా క్లాస్‌లో చాలామంది అన్నారు. నేనూ మొదట అదే అనుకున్నా. కానీ 2025లో జరిగిన రెండు సంగతులు పక్కపక్కన పెట్టి చూడండి. ఆ సెప్టెంబర్‌లో బెంగళూరు తన ఒకే ఒక్క పెద్ద కార్పొరేషన్‌ని ఐదుగా విడగొట్టి, పైన గ్రేటర్ బెంగళూరు అథారిటీ అనే గొడుగు పట్టింది. మూడు నెలలు తిరక్కుండానే హైదరాబాద్‌లో చుట్టూ ఉన్న 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లని జీహెచ్ఎంసీలో కలిపేశారు. రెండూ సాటి నగరాలు, రెండింటికీ ట్రాఫిక్, చెరువులు, నీళ్ల బాధలు ఒకటే. ఒకరు విడగొట్టడమే మందన్నారు, ఇంకొకరు కలపడమే మందన్నారు. అంటే జబ్బు అసలు గీతల్లో లేదేమో అని నా అనుమానం. ఎన్ని ముక్కలు చేశామన్నది కాదు, ముక్కకీ ముక్కకీ మధ్య అతుకు ఎవరిదన్నదే అసలు ప్రశ్న. 27 కలిపినా జలమండలి, రైల్వే, కరెంటు వేరుగానే ఉంటాయి. అతుకులు ఎక్కడికీ పోవు.

లండన్ సంగతి చదివాక ఈ అనుమానం ఇంకా గట్టిపడింది. అక్కడ 32 బరోలున్నాయి, అవి కాక సిటీ ఆఫ్ లండన్ వేరు. 1986లో మొత్తం నగరానికి ఉన్న ఒకే ఒక్క ఎన్నికైన కౌన్సిల్‌ని రద్దు చేశారు. పద్నాలుగేళ్లు గడిచాక 2000లో మళ్లీ మేయర్‌నీ అసెంబ్లీనీ తెచ్చుకున్నారు. కానీ బరోలని చెరిపేయలేదు. బరో పని బరోకే వదిలేసి, బస్సులు, భూగర్భ రైళ్లు, ముఖ్యమైన రోడ్లు మాత్రం ఒకే సంస్థకి అప్పగించి దాని మీద మేయర్‌ని కూర్చోబెట్టారు. బస్సు రాకపోతే ఎవరికి ఓటేయకూడదో అక్కడి జనానికి తెలుసు. మనకి దగ్గర్లో చెన్నైని చూడండి. బస్సు, మెట్రో, లోకల్ రైలు మూడింటినీ కలిపి చూసే రవాణా సంస్థ కోసం 2010లోనే చట్టం చేశారు. మూడింటికీ ఒకే టికెట్ ఇచ్చే చెన్నై వన్ యాప్ 2025లో వచ్చింది. పదిహేనేళ్లు పట్టిందని నవ్వొచ్చు. కానీ వచ్చింది కదా.

మన రాజ్యాంగంలో కూడా ఈ అతుకు కోసం ఒక కుర్చీ వేసి ఉంది. 74వ సవరణతో వచ్చిన 243జెడ్‌ఈ అధికరణం ప్రకారం పది లక్షల జనాభా దాటిన ప్రతి మహానగర ప్రాంతానికీ ఒక ప్రణాళికా కమిటీ ఉండాలి. అందులో కనీసం మూడింట రెండొంతుల మంది అక్కడి మున్సిపాలిటీల, పంచాయతీల ప్రజాప్రతినిధులు తమలోంచి ఎన్నుకున్నవాళ్లు అయ్యుండాలి. ఇది 1993 నుంచి అమల్లో ఉంది. అంటే నేను పుట్టకముందు నుంచీ ఉంది. మీలో ఎంతమందికి ఈ కమిటీ గురించి తెలుసు? నాకైతే రూమ్మేట్ కాలు విరిగేదాకా తెలీదు.

దీనికి ఒక ఫ్రెండ్ గట్టి ప్రశ్నే వేసింది. "పది మంది పాముని చంపట్లేదని పదకొండో మనిషిని తెస్తావా? అతను కూడా కర్ర పట్టుకుని నిలబడతాడు." నిజమే, నెలకోసారి టీ తాగి వెళ్లిపోయే కమిటీ అయితే అంతే. అందుకే నేనడిగేది ఇంకో కర్ర కాదు. ఎవరు కొట్టాలో పేరు పెట్టి చెప్పే అధికారం, కొట్టకపోతే ఎందుకు కొట్టలేదని అడిగే అధికారం. డబ్బు కూడా దాని చేతి మీదుగా పోవాలి. మీతో మాట్లాడుకుని రాకపోతే తవ్వడానికి పర్మిషన్ లేదు, బిల్లు పాస్ కాదు అంటే అందరూ మాట్లాడుకుంటారు. ఎవరు ఏ మీటింగ్‌లో ఏమన్నారో మనందరం చదివేలా బయట పెట్టాలి.

యాప్ కడితే సరిపోదా అనేవాళ్లు మన బ్రాంచ్‌లో ఎక్కువ. ఆ యాప్ ఆల్రెడీ ఉంది. తవ్వే ముందు కింద ఎవరి పైపులున్నాయో, ఎవరి కేబుళ్లున్నాయో అడగడానికి కేంద్రం 2023 మార్చిలో 'కాల్ బిఫోర్ యూ డిగ్' అని ఒకటి తెచ్చింది. మంచి ఐడియా. కానీ మెసేజ్ పంపడం సాఫ్ట్‌వేర్ చేస్తుంది, ఆ మెసేజ్ చూసి లేచి రావడం మనిషి చేయాలి. కోడ్ రాయడం మనకి తేలిక. రాకపోతే ఎవరిని అడగాలో కాగితం మీద రాయించడమే కష్టం.

నాకు కావాల్సినవి రెండే రెండు చిన్న మార్పులు. ఒకటి, కంప్లయింట్ ఇచ్చినవాడిని ఆఫీసుల చుట్టూ తిప్పకూడదు. "మా పరిధి కాదు" అని క్లోజ్ చేసే బటనే ఉండకూడదు. సరైన ఆఫీసుకి పంపే పని దాన్ని అందుకున్నవాళ్లదే, సమస్య తీరేదాకా నంబర్ అదే. రెండు, ఏ రోడ్డుని ఏ నెలలో ఎవరు తవ్వుతున్నారో, ఎవరు పూడుస్తారో ఒకే మ్యాప్‌లో అందరికీ కనిపించాలి. గుంత పక్కన బోర్డు మీద కూడా ఆ పేరు ఉండాలి. ఇందులో రాకెట్ సైన్స్ ఏమీ లేదు.

రూమ్మేట్ ఇప్పుడు నడుస్తున్నాడు, కాస్త కుంటుతాడు. ఒక ఇంటర్నల్, ఒక ల్యాబ్ ఎగ్జామ్ పోయాయి. దసరా తర్వాత ఆ రోడ్డు వేశారు, బాగానే వేశారు. నెల తిరక్కుండా పక్కనే ఇంకెవరో కేబుల్ కోసం తవ్వారు. ఎవరని అడిగితే ఈసారీ సరైన జవాబు లేదు. హాస్టల్ వాళ్లం నలుగురం వెళ్లి గుంత చుట్టూ రాళ్లు పెట్టి, కర్రకి ఎర్రగుడ్డ కట్టి వచ్చాం. మొన్న పండక్కి వాళ్లూరు వెళ్తే అంకుల్ మళ్లీ ఏమీ అడగలేదు, కడుపు నిండా అన్నం పెట్టి పంపారు. ఆయన మర్చిపోయారనుకోను. చెప్తానన్న మాట నా మీద ఇంకా బాకీ ఉంది.