సూది తర్వాత కాళ్లు పడిపోతే... పరిహారం ఎవరిస్తారు?

"అన్నా, టీకా వేయించుకున్న రెండు వారాలకు మా నాయనకు కాళ్లు చచ్చుబడినాయి. జీబీఎస్ అన్నారు. కేసు వేస్తే పరిహారం వస్తుందా?" ఆదోని నుంచి ఒక తమ్ముడు పెట్టిన మెసేజ్ ఇది. ఇట్లాంటిదే కడప నుంచి కూడా వచ్చింది. అందుకే ఈ వారం దీని గురించే రాస్తున్నా.

జీబీఎస్ అంటే గిలాన్ బారీ సిండ్రోమ్. మన ఒంట్లోని రోగనిరోధక శక్తే మన నరాల మీద పడుతుంది. ఎక్కువసార్లు విరేచనాలో, జలుబు జ్వరమో వచ్చిపోయాక మొదలవుతుంది. టీకా వల్ల రావడం చాలా అరుదు. అరుదు అంటే అబద్ధం అని కాదు. 1976లో అమెరికాలో స్వైన్ ఫ్లూ టీకా వేయించుకున్నవాళ్లలో సుమారు లక్షకు ఒకరికి అదనంగా వచ్చిందని తేలింది. మన దగ్గరా ఉంది: కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ 14 సూదులు పొడిపించుకున్న కథ మీ అవ్వనో తాతనో అడగండి. గొర్రె మెదడుతో చేసిన ఆ మందు కొందరికి పక్షవాతం తెచ్చింది. 2004 చివర్లో దాన్ని ఆపేశారు. ఇప్పుడిచ్చేది వేరే మందు, భయపడి మానొద్దు.

ఇక డబ్బు సంగతి. అమెరికాలో 1986లోనే దీనికో చట్టం వచ్చింది. టీకాల మీద పన్ను వేసి నిధి పెట్టారు, కంపెనీ తప్పని నిరూపించక్కర్లేదు. ఇక్కడ, కోవిడ్ టీకా తర్వాత బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు సుప్రీంకోర్టుకు వెళ్తే, 2022 నవంబర్‌లో కేంద్రం చెప్పిన జవాబు: పరిహారం బాధ్యత మాది కాదు, సివిల్ కోర్టుకు వెళ్లండి.

సివిల్ కోర్టులో ఎవరిది తప్పో మీరే రుజువు చేయాలి. డబ్బు కట్టి ప్రైవేటులో వేయించుకుంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, రెండేళ్ల లోపు. అందరికీ ఉచితంగా వేసే చోటైతే ఆ దారి దాదాపు మూసుకున్నట్టే.

కాబట్టి తమ్ముడూ, లాయర్ కంటే ముందు కాగితాలు. టీకా బ్యాచ్ నంబర్, వేసిన తేదీ, డిశ్చార్జ్ సమ్మరీ, నరాల పరీక్ష రిపోర్టు ఫోటో తీసి దాచు. టీకా తర్వాత వచ్చిన సమస్యగా నమోదు చేయమని పీహెచ్‌సీ డాక్టర్‌కు రాతపూర్వకంగా ఇవ్వు, కాపీ మీద సంతకం తీసుకో. 1800-180-3024కు ఫోన్ చేసి కూడా చెప్పొచ్చు. లాయర్ ఫీజు కట్టలేకపోతే 15100కు కొట్టు. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది.

ఫిజియోథెరపీ మాత్రం ఆపొద్దు. నెలలు పట్టినా చాలామంది మళ్లీ నడుస్తారు. కోర్టులో వాయిదాలు మామూలే. కేసు వేసే గడువుకు మాత్రం వాయిదా ఉండదు.