నడిచిన కాళ్ళకు న్యాయం కావాలి

గోరంట్ల మండలం కల్లి తండాకు చెందిన అగ్నివీర్ మురళీ నాయక్ 2025 మే నెలలో కాశ్మీరు సరిహద్దున ప్రాణాలర్పించినపుడు పెనుకొండ ప్రాంతమంతా కదలిపోయింది. వీరమరణం పొందిన సైనికునికి ప్రజలు చేతులెత్తి మొక్కడం మన సంప్రదాయం. అయితే ప్రాణాలతో తిరిగివచ్చి, చెడిన కాళ్ళతో బతుకు ఈడుస్తున్న మాజీ సైనికుల గోడు వినేవారేరీ? వారికి దక్కవలసిన వైకల్య పింఛను ‘సర్వీసుతో సంబంధం లేదు’ అనే ఒక్క ముక్కతో ఆగిపోతుండడం శోచనీయం.

సైనికుని ఉద్యోగమంతా కాళ్ళమీదే సాగుతుంది. బరువైన బూట్లతో కవాతు, వీపున మూటతో కొండలెక్కడం, గంటల తరబడి కాపలా నిలబడడం అతని నిత్యకృత్యం. మడమ నొప్పి, ఎముకలలో సన్నని పగుళ్ళు, ఆనెకాయలు, కీళ్ళ అరుగుదల ఇలాంటి చాకిరీలోనే ముదురుతాయి. మంచు ప్రదేశాలలో ముప్పు ఇంకా ఎక్కువ. 1962 యుద్ధంలో మన జవానులు కాన్వాసు బూట్లతో హిమాలయాలలో పోరాడిన సంగతి దేశం మరచిపోలేదు. 1984 నుంచి సియాచిన్‌పై కాపలా కాస్తున్న సైన్యానికి శత్రువు తూటాలకన్న చలి చేసిన నష్టమే అధికం. ఆ మంచులో బహుళ ప్రయోజన బూట్లు 2015 నవంబరు నుంచి 2016 సెప్టెంబరు వరకు సమకూరలేదనీ, పాత బూట్లతోనే సరిపెట్టవలసి వచ్చిందనీ 2020 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకు వచ్చిన కాగ్ నివేదిక ఎత్తిచూపింది. మంచు కాటుకు ఒకసారి గురైన పాదం మాని పైకి బాగున్నట్టు కనిపించినా, తిమ్మిరి, మంట, చలికి ఓర్వలేనితనం ఏళ్ళ తరబడి వదలవు.

ఇక్కడే ఒక వింత గమనించాలి. సైన్యంలో చేర్చుకునేటపుడు పాదాలను ప్రత్యేకంగా పరీక్షిస్తారు. అరికాలిలో వంపు లేని చదునుపాదమైతే యువకుణ్ణి మైదానం నుంచే ఇంటికి పంపుతారు. ఆ పరీక్షలో నెగ్గినవాడు పదిహేను, ఇరవై ఏళ్ళు నడిచి నడిచి కాలు చెడగొట్టుకొని బయటకు వచ్చేనాడు, అది ‘శరీర తత్వంవల్ల వచ్చినది’ అని మెడికల్ బోర్డు రాస్తే ఎలా నమ్మడం? చేరేనాడు కనిపించని లోపం దిగిపోయేనాడు పుట్టుకతోనే ఉన్నదైపోతుందా?

సుప్రీంకోర్టు ఈ ప్రశ్నకు 2013లోనే సమాధానం చెప్పింది. 1985లో సైన్యంలో చేరి, 1994లో మూర్ఛ వ్యాధి కారణంగా ఇంటికి పంపబడిన సిపాయి ధరంవీర్ సింగ్ కేసు అది. చేరేనాటి రికార్డులో వ్యాధిని గూర్చి రాయనపుడు మనిషి ఆరోగ్యంగా ఉన్నట్టే భావించాలనీ, వ్యాధికి సర్వీసు కారణం కాదని నిరూపించే బాధ్యత ప్రభుత్వానిదేననీ, బోర్డు కారణాలు విధిగా రాయాలనీ న్యాయస్థానం తేల్చింది. మూర్ఛకు వర్తించిన న్యాయం పాదానికి వర్తించకపోదు. ఆ తీర్పు 1982 నాటి నిబంధనలపై వెలువడింది. 2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త నిబంధనలు అమలులోకి వచ్చాయి. కనుక తాను ఏ నిబంధనల కిందికి వస్తాడో ప్రతి మాజీ సైనికుడూ ముందుగా తెలుసుకోవాలి.

రెండవ చిక్కు శాతాల లెక్కలో ఉంది. సర్వీసు పూర్తిచేసి వచ్చినవారికి వైకల్యం 20 శాతానికి తగ్గితే ఏమీ రాదు. 20 శాతం ఉంటే దానిని 50 శాతంగా పరిగణించాలి. కాలపరిమితి ముగించి రిటైరైనవారికి కూడా ఈ సవరింపు వర్తిస్తుందని 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పూర్తి వైకల్యానికి చివరి వేతనంలో 30 శాతం, సగానికి 15 శాతం లెక్కన చెల్లిస్తారు. అంటే బోర్డు కాగితంపై 19కీ 20కీ మధ్య ఉన్న తేడా ఒక్క అంకె కాదు, ఒక కుటుంబపు నెలసరి బియ్యం, మందుల ఖర్చు. పాదానికి సంబంధించిన జబ్బులను చిన్నవిగా చూసి 20 లోపు అంకె వేసేముందు, ఆ మనిషి ఇంటికి వెళ్ళి ఏ పని చేసి బతకాలో బోర్డు ఆలోచించాలి.

ఎందుకంటే ఈ ప్రాంతంలో ఏ పనికైనా కాళ్ళే పెట్టుబడి. ధర్మవరంలో గుంటమగ్గంలో కూర్చున్నవాడు రోజంతా కాలి చెక్కలు తొక్కాలి. పెనుకొండ పల్లెలలో వేరుశనగ చేలో గుంటక వెంట నడవాలి. హిందూపురం ఫ్యాక్టరీ గేటు వద్ద సెక్యూరిటీ గార్డుగా కుదిరినా పన్నెండు గంటలు నిలబడాలి. కాలు సహకరించని మాజీ సైనికునికి ఈ మూడు దారులూ మూసుకుపోతాయి.

వయసుతో వచ్చే ప్రతి నొప్పికీ ప్రభుత్వమే బాధ్యత వహించాలని ఎవరూ కోరడం లేదు. అబద్ధపు క్లెయిములను అరికట్టవలసిందే. కాని నిరాకరించేటపుడు కారణం చూపాలి. ఆ కారణం బాధితునికి అర్థం కావాలి. రికార్డు ఆఫీసు వెల్లింగ్టన్‌లోనో, బెంగళూరులోనో, నాసిక్‌లోనో ఉంటుంది. పింఛను మంజూరు ప్రయాగరాజ్‌లో. ట్రిబ్యునల్ బెంచి చెన్నైలో. ఇంగ్లీషులోనో హిందీలోనో వచ్చిన తిరస్కార పత్రాన్ని చదివించుకునే సరికే పుణ్యకాలం గడచిపోతుంది. మొదటి అప్పీలుకు గడువు ఆరు నెలలే. అది పోతే రెండవ అప్పీలు, ఆ తరువాత 2009లో ఏర్పడిన సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉన్నాయి. ఆలస్యమైనంత మాత్రాన తలుపులు పూర్తిగా మూసుకోవు. 1983లో సైన్యం నుంచి వచ్చి 1999లో కోర్టుకెక్కిన తర్సేమ్ సింగ్ కేసులో 2008లో సుప్రీంకోర్టు పింఛను హక్కును నిలబెట్టింది. కాని బకాయిలను దావాకు ముందరి మూడేళ్ళకే పరిమితం చేసింది. ఆలస్యానికి మూల్యం సైనికుడే చెల్లించాడన్నమాట.

అగ్నివీరుల విషయం మరింత ఆలోచించదగినది. వారికి నెలవారీ పింఛను లేదు. సర్వీసువల్ల వైకల్యం కలిగితే, దాని స్థాయిని బట్టి 15, 25, 44 లక్షల రూపాయల ఏకమొత్తం పరిహారం ఉంది. నాలుగేళ్ళలో కాలు చెడినవాని భవిష్యత్తు ఆ ఒక్క మెడికల్ బోర్డు రాతపైనే ఆధారపడి ఉంటుంది. కనుక బోర్డు మరింత జాగ్రత్తగా పనిచేయవలసి ఉంది.

దీనికి తక్షణం చేయదగిన పని ఒకటుంది. మాజీ సైనికులకు ఉచిత న్యాయ సహాయం అందించేందుకు జాతీయ న్యాయసేవల సంస్థ 2025 జూలైలో ‘వీర్ పరివార్ సహాయతా యోజన’ను ప్రారంభించింది. ఆ సహాయం జిల్లా కేంద్రాల గడప దాటి రావాలి. హిందూపురం నుంచి అనంతపురం నూరు కిలోమీటర్లకు పైబడిన దూరం. కాలు బాగాలేని మనిషిని ఒక సంతకం కోసం అంత దూరం తిప్పడం భావ్యం కాదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ ఒకే రైలు మార్గంపై ఉన్నాయి. మూడు చోట్లా కోర్టులున్నాయి. నెలకొక రోజు చొప్పున సైనిక సంక్షేమ అధికారి, ఒక న్యాయవాది అక్కడ కూర్చుని, తిరస్కార పత్రాలను తెలుగులో చదివి చెప్పి, అప్పీలు రాసిపెడితే ఎందరి కష్టాలో తీరుతాయి.

మాజీ సైనికులు కూడా మెడికల్ బోర్డు ప్రతిని, గాయం రిపోర్టును, ఆసుపత్రి చీటీలను భద్రంగా దాచుకోవాలి. లేనివారు రికార్డు ఆఫీసుకు రాసి తెప్పించుకోవాలి. తిరస్కారం వచ్చిందని కాగితాన్ని చూరులో చెక్కి ఊరుకోరాదు. దేశం కోసం నడిచిన కాళ్ళను న్యాయం కోసం ఆఫీసుల చుట్టూ తిప్పకుండా చూడవలసిన బాధ్యత ఇటు జిల్లా యంత్రాంగానిది, అటు రక్షణ శాఖది.