రిపేర్ చేశాక ల్యాప్‌టాప్ ఆన్ కాలేదా? ముందు స్క్రూడ్రైవర్ పక్కన పెట్టండి

శనివారం రాత్రి పదిన్నర. ఫ్యాన్ మరీ మోత పెడుతోందని నా ల్యాప్‌టాప్ విప్పాను. దుమ్ము దులిపి, థర్మల్ పేస్ట్ మార్చి, పనిలో పనిగా ఇంకో 8 జీబీ ర్యామ్ కూడా వేశాను. అన్నీ బిగించి పవర్ బటన్ నొక్కితే లైట్ వెలిగింది, ఫ్యాన్ తిరిగింది, స్క్రీన్ మాత్రం నల్లగా అలాగే ఉండిపోయింది.

బీటెక్ సెకండ్ ఇయర్‌లో నాన్న అప్పు చేసి కొనిచ్చిన ల్యాప్‌టాప్ అది. నా మొదటి జాబ్ ఇంటర్వ్యూలన్నీ దాని మీదే ఇచ్చాను. గుండె ఆగినంత పనైంది.

ఆ తర్వాత నేను చేసిందే అసలు తప్పు. పవర్ బటన్ ఒక ఇరవై సార్లు నొక్కాను. బ్యాటరీ కనెక్టర్ తీయకుండానే మళ్లీ విప్పాను. ర్యామ్ కదిపాను, డిస్‌ప్లే కేబుల్ లాగి పెట్టాను, ఎస్ఎస్‌డీ తీసి పెట్టాను. మూడోసారి విప్పుతుంటే కీబోర్డ్ రిబ్బన్ కేబుల్‌ని పట్టుకునే చిన్న నల్ల లాక్ టక్కున విరిగింది.

సోమవారం లీవ్ పెట్టి సికింద్రాబాద్ సీటీసీలో ఒక షాపుకి తీసుకెళ్లాను. అక్కడి అన్న అడిగిన మొదటి ప్రశ్న: "తమ్మీ, లాస్ట్‌కి ఏం ముట్టినవ్?" చెప్పాను. కొత్త ర్యామ్ తీసి, ఏటవాలుగా లోపలికి నెట్టి, కిందికి నొక్కాడు. రెండు వైపులా క్లిప్పులు క్లిక్‌మన్నాయి. డిస్‌ప్లే వచ్చేసింది! దానికి పట్టింది రెండు నిమిషాలు. నేను విరగ్గొట్టిన లాక్‌ని సర్ది, కేబుల్ కదలకుండా టేప్ వేయడానికి మాత్రం గంట పట్టింది.

అందుకే నా అభిప్రాయం ఒకటే. సొంత రిపేర్ వల్ల పాడయ్యే వాటికన్నా, రిపేర్ తర్వాత మనం పడే కంగారు వల్ల పాడయ్యేవే ఎక్కువ.

కోడ్ రాసేటప్పుడు బిల్డ్ ఫెయిలైతే మనం ఏం చేస్తాం? చివరి కమిట్‌లో ఏం మారిందో చూస్తాం. ఒకేసారి పది ఫైళ్లు మార్చం. హార్డ్‌వేర్ దగ్గరకొచ్చేసరికి ఆ బుద్ధి ఎక్కడికి పోతుందో! నిన్నటిదాకా పనిచేసిన మదర్‌బోర్డ్ ఈరోజు దానంతట అదే పోయే అవకాశం తక్కువ. మీరు చివరిగా తాకినదాన్నే ముందు అనుమానించాలి.

కాబట్టి ఆన్ కాకపోతే ముందు ఆగండి. బ్యాటరీ కనెక్టర్ విప్పి పెట్టారా? కొన్ని మోడల్స్‌లో దాన్ని మళ్లీ కలిపాక ఒకసారి చార్జర్ పెడితేగానీ ఆన్ కావు. అది పాడవడం కాదు. కొత్త ర్యామ్ వేశారా? ముఖ్యంగా డీడీఆర్5 అయితే మొదటిసారి మెమరీ ట్రైనింగ్ కోసం స్క్రీన్ కొన్ని నిమిషాలు నల్లగా ఉండొచ్చు. టీ తాగి వచ్చి చూడండి.

అయినా రాకపోతే చార్జర్ తీసి, వెనక మూత విప్పి, అన్నిటికన్నా ముందు బ్యాటరీ కనెక్టర్ తీయండి. పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన చార్జ్ పోతుంది. తర్వాత పాత ర్యామ్ ఒక్కటే పెట్టి చూడండి. వస్తే తేడా కొత్త దాంట్లోనో, దాన్ని పెట్టిన తీరులోనో ఉంది. రాకపోతే హెచ్‌డీఎంఐతో టీవీకి కలపండి. అక్కడ బొమ్మ వస్తే బోర్డ్ బతికే ఉంది, డిస్‌ప్లే కేబుల్ చూడాలి. ఒకసారికి ఒక్క మార్పే. ప్రతి మార్పుకీ ముందు ఫోన్‌తో ఒక ఫొటో. స్క్రూలు ఏ రంధ్రంలోవి ఆ వరసలోనే పెట్టండి. పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే బోర్డుకే దెబ్బ.

ఎక్కడ ఆగాలో కూడా తెలియాలి. కాలిన వాసన వచ్చినా, నీళ్లు పడినా, బ్యాటరీ ఉబ్బినా ఇక మీ పని కాదు. నేరుగా షాపుకి వెళ్లండి. ఏం చేశారో ఏదీ దాచకుండా చెప్పండి. డాక్టర్ దగ్గర అబద్ధం చెబితే నష్టం మనకే కదా.

ఇదంతా చదివి "అసలు విప్పకపోతే సరిపోయేది కదా" అంటారేమో. నేను ఒప్పుకోను. మన డబ్బుతో కొన్న వస్తువు మనం విప్పుకోవడం తప్పు కాదు. 2022 డిసెంబర్‌లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖే రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. డెల్, హెచ్‌పీ, లెనోవో లాంటి కంపెనీలు చాలా మోడల్స్‌కి సర్వీస్ మాన్యువల్ ఫ్రీగానే పెడతాయి. ఏ లాక్ ఎటు తెరుచుకుంటుందో అందులో బొమ్మతో సహా ఉంటుంది. నేను అది చదవకుండా ఐదు నిమిషాల వీడియో చూసి విప్పాను. ఆ లాక్ విరిగింది అందుకే.

ఆ ల్యాప్‌టాప్ మీదే ఇది టైప్ చేస్తున్నాను. టేప్ వేసిన కేబుల్ ఇంకా గట్టిగానే ఉంది. మళ్లీ విప్పుతానా? కచ్చితంగా. కాకపోతే శనివారం రాత్రి పదిన్నరకి కాదు, ఆదివారం పొద్దున, డేటా బ్యాకప్ తీసుకున్నాకే.